పెద్దమ్మ ముట్టించిన బీడీలు

పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు బడిలో తెలిసింది. ఎనిమిదో తరగతి పిల్లలకు మైక్రోస్కోపు కింద ఉల్లిపొర చూపిస్తున్నాను. ఒక్కొక్కరే వచ్చి కన్ను ఆనించి, ఏమీ కనబడకపోయినా "కనబడ్డది మేడం" అని పోతున్నారు. అప్పుడు ఫోను మోగింది. అన్న. అంటే పెద్దమ్మ కొడుకు.

"అమ్మ పోయిందే చెల్లె. పొద్దుగాల మంచిగనే చాయ తాగింది. గంతే."

వస్తుందని తెలిసిన కబురే. అయినా నిజామాబాద్ బస్టాండులో బాన్సువాడ బస్సు కళ్లెదుట ఆగి ఉంటే, దాని కోసమే అటూ ఇటూ తిరిగాను. కండక్టరు "ఏడికి పోవాలె అక్కా" అని అడిగితే "పెద్దమ్మ దగ్గరికి" అన్నాను. ఆయన నవ్వలేదు. కిటికీ పక్క సీటు చూపించాడు.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. మాది పెద్ద కొడప్‌గల్ దగ్గర ఒక పల్లె. అక్కడ బడి అయిదో తరగతి దాకే ఉండేది. తొంభైల మొదట్లో, ఆరో తరగతికి నన్ను బాన్సువాడలో పెద్దమ్మ ఇంట్లో దింపి అమ్మ వెళ్లిపోయింది. వాకిట్లో నిలబడి ఏడుస్తుంటే పెద్దమ్మ నన్ను ఓదార్చలేదు. చాటలో చిక్కుడుకాయలు తెచ్చి ముందు పెట్టింది.

"ఏడ్చుకుంటనే ఈనెలు తియ్యి బిడ్డ. రెండు పనులైతయి."

ఏడుపు ముందు అయిపోయింది. చిక్కుడుకాయలు ఇంకా మిగిలాయి. ఇంటర్ అయిపోయేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాను. సెలవులకు మా ఊరు వెళ్తే రెండో రోజుకే బాన్సువాడ ఎప్పుడు పోదామని అడిగేదాన్ని. "మీ పెద్దమ్మ నీకేం మందు పెట్టిందే" అని మా అమ్మ ఉడుక్కునేది. పెట్టింది మందు కాదు, ప్రతి పూటా వేడి వేడి జొన్నరొట్టె. దాని మీద వేలితో చేసిన గుంట, ఆ గుంటలో నెయ్యి. ఇప్పుడు నేను చేసే రొట్టెకు గుంట పెడితే పగిలిపోతుంది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మీలో నన్నెరిగిన వాళ్లకు తెలుసు. పెద్దమ్మ దగ్గర ఆ ఆటలు సాగేవి కావు. బడి నుంచి ఎవరినో తిట్టుకుంటూ వస్తే, "ఆగు. ముందుగాల ఊపిరి తీస్కో, తర్వాత కొట్లాడు" అనేది. ఊపిరి తీసుకున్నాక కొట్లాడటానికి ఏమీ మిగిలేది కాదు. ఆమెకు ఇంకో మాట ఉండేది. నేను ఏదైనా దాచి, తిప్పి తిప్పి చెబుతుంటే చేతిలో పని ఆపి చూసేది. "చెప్తే సక్కగ చెప్పు. లేకుంటే సప్పుడు చెయ్యకు."

ఆ మాట ఊరికే అన్నది కాదు, తనూ అట్లాగే బతికింది. ఒకసారి పక్కింటి అమ్మాయిని చూడటానికి వర్ని ఊరి వైపు నుంచి పెళ్లివారు వచ్చారు. పిల్ల వంట బాగా చేస్తుందా అని మర్యాదకు పెద్దమ్మను అడిగారు. "ఉప్పు జర ఎక్కువేస్తది. కడమయన్ని మంచిగ చేస్తది" అంది. పక్కింటావిడ ముఖం మాడిపోయింది. వచ్చినవాళ్లు మాత్రం పెద్దగా నవ్వి, ఉప్పు మేము తగ్గిస్తాంలెండి అని అక్కడే తాంబూలాలు తీసుకున్నారు. పెద్దమ్మ అబద్ధం చెప్పగా నేను విన్నది ఒక్కటే. అది అబద్ధమని ఆమెకే తెలియదు. నేను చెప్పదలచింది దాని గురించే.

పెద్దబాపుకు, అంటే పెద్దమ్మ భర్తకు, నిజాంసాగర్ కాలువ కింద పొలం ఉండేది. వరి, చెరుకు. తెల్లారకముందే మడికి నీళ్లు మలపడానికి పోయి, మోచేతుల దాకా బురదతో వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. పెద్దమ్మను పేరు పెట్టి పిలవగా ఎప్పుడూ వినలేదు. "ఓ యే, జర ముట్టియ్యి" అనేవాడు. అంతే పిలుపు. వంటింట్లో గూట్లో బీడీ కట్ట ఉండేది. పెద్దమ్మ ఒక బీడీ లాగి, పెదవుల మధ్య పెట్టుకుని, పొయ్యిలోంచి కాలుతున్న పుల్ల తీసి, ఒక కన్ను మూసి రెండు మూడు దమ్ములు లాగేది. కొస ఎర్రగా అంటుకున్నాక, చీర కొంగుతో బీడీ మూతి తుడిచి, కిటికీలోంచి పెద్దబాపు నోటికి అందించేది. ఆయన చేతులు బురదవి కదా.

"తుడువకు" అనేవాడు పెద్దబాపు, బీడీ పళ్ల మధ్య పట్టుకుని. "తుడిస్తె సప్పగైతది."

"పిల్లలున్నరు, సిగ్గు లేదు" అని పెద్దమ్మ కిటికీ తలుపు వేసేది. తలుపు వెనక ఆమె ముఖం చూడాలి మీరు. నేను చూశాను. అప్పుడు నాకు పన్నెండేళ్లుంటాయేమో. ఆ ముఖం ఇప్పటికీ కావాలనిపిస్తుంది నాకు.

బీడీ సంగతి తెలియని వాళ్లకు ఒక మాట. అది సిగరెట్టు లాంటిది కాదు. తునికాకు చుట్ట. పీలుస్తూ ఉంటేనే కాలుతుంది, నోట్లోంచి తీసి కాసేపు పక్కన పెడితే ఆరిపోతుంది. పెద్దబాపు మాటల మనిషి. కాలువ నీళ్ల తగాదాలు, ఫ్యాక్టరీ చెరుకు ఎప్పుడు కొట్టమంటుందన్న ముచ్చట, అన్నీ అరుగు మీదే. మాటల్లో పడి బీడీ ఆరిపోయేది. మళ్లీ "ఓ యే" అనేవాడు. మళ్లీ పొయ్యి, మళ్లీ పుల్ల, మళ్లీ రెండు దమ్ములు. మా వైపు ఎన్నో ఇళ్లల్లో ఇదే తంతు. అత్త మామకు ముట్టించి ఇస్తుంది, కోడలు కొడుక్కు ముట్టించి ఇస్తుంది. దాన్ని ఎవరూ తాగటం అనరు. చాయ పెట్టి ఇచ్చినట్టు అదొక పని.

నేను బీయెడ్‌కు నిజామాబాద్ వెళ్లిన ఏడు, చెరుకు కొట్టే కాలంలో, పెద్దబాపు పొలం గట్టు మీదే కూలబడి పోయాడు. గుండె. మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా చూడటం మా ఆచారం. మటన్ పెట్టారు, కల్లు పెట్టారు, కాకి రాలేదు. పెద్దమ్మ లేచి, అక్కడి కట్టెల మంట దగ్గరకు పోయి, బీడీ నోట్లో పెట్టుకుని ముట్టించి, కొంగుతో తుడవబోయి ఆగింది. తుడవకుండానే విస్తరి పక్కన పెట్టింది. కాకి వచ్చింది. అందరూ ఏడ్చారు. బీడీ ఆమె నోట్లో ఉందన్న సంగతి అక్కడ ఒక్కరి కంటికీ ఆనలేదు. నా కంటికీ ఆనలేదు.

రెండు వేలు దాటి కొన్నేళ్లయ్యాక పెద్దమ్మకు జబ్బు మొదలైంది. ఒంటికి పోయేటప్పుడు మూత్రంలో ఎరుపు కనబడేదట. నొప్పి లేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. వేడి చేసిందనుకుని సబ్జా గింజలు నానబెట్టుకుని తాగింది, కొబ్బరినీళ్లు తాగింది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. చివరికి స్నానాల గదిలో వదిన చూసి అన్నకు చెప్పింది. నిజామాబాద్‌లో చూపిస్తే హైదరాబాద్ పొమ్మన్నారు. హైదరాబాద్ దవాఖానలో మూత్రాశయంలో గడ్డ ఉందన్నారు. క్యాన్సర్.

పెద్దమ్మ ఆ మాటకు భయపడలేదు. వైద్యానికి మాత్రం సిగ్గుతో చితికిపోయింది. మూత్రం వచ్చే దారిలోంచి సన్నటి పైపు లోపలికి పంపి గడ్డ తీసేశారు. అంతటితో అయిపోలేదు. ఆ జబ్బు మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి కొన్ని నెలలకొకసారి అదే పైపుతో లోపల చూడాలన్నారు. తేదీ దగ్గర పడుతుంటే పెద్దమ్మ అన్నం తినేది కాదు.

"చావుకు ఫికర్ లేదు బిడ్డ," అంది నాతో ఒకసారి. "గా బల్ల మీద పండవెట్టి, కాళ్లు ఎత్తిపెట్టి... పోరగాండ్లు గూడ నిలవడి చూస్తరు. మీ పెద్దబాపు గూడ నన్నట్ల చూడలే."

నా కోపం డాక్టర్ల మీదకు పోయింది. డాక్టర్లేం చేస్తారు, చూడక తప్పదు. అయినా కోపమే.

అట్లాంటి ఒక తేదీన, బయట బెంచీ మీద పెద్దమ్మ, అన్న, నేను కూర్చుని ఉంటే ఒక డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, నెమ్మదైన మాట. దవాఖానలో ఒక పరిశోధన జరుగుతోందని, చేతి నుంచి కొంచెం రక్తం ఇస్తారా అని అడిగింది. దేనికని నేను అడ్డం పడి అడిగాను. సైన్సు టీచర్ని కదా, నాకు తెలిసినదేదో చూపించుకోవాలని. ఆమె నాతో కాక పెద్దమ్మతో చెప్పింది.

"అమ్మా, మన ఒంట్లో పుట్టుకతో వచ్చిన జన్యువులు ఉంటాయి. అవి మారకపోయినా, వాటి మీద చిన్న చిన్న గుర్తులు పడతాయి. పొగ వల్ల, మనం బతికే తీరు వల్ల. కొన్ని జన్యువులు గడ్డలు పెరగకుండా కాపలా కాస్తాయి. వాటి మీద ఆ గుర్తు పడితే అవి పని మానేస్తాయి. అలాంటి గుర్తులు రక్తంలో కూడా కనిపిస్తాయా, వాటిని బట్టి ఈ జబ్బు ఎవరికి వచ్చేలా ఉందో ముందే చెప్పొచ్చా అని చూస్తున్నాం."

పెద్దమ్మ కాసేపు ఆలోచించింది. "పొయ్యి మీది గోడకు మసి వడ్తది సూడు, గట్లనా? గోడ గోడనే. మసి మసినే."

"అచ్చం అలాగే అమ్మా."

"అంటే, గీ పైపు లేకుంట, చేతిల నెత్తురు సూసి చెప్పొచ్చునా?"

"ఇప్పుడే కాదు. చాలా ఏళ్లు పట్టొచ్చు. అసలు కుదురుతుందో లేదో కూడా తెలియదు. కుదిరితే కొందరికైనా పైపు బాధ తగ్గొచ్చని ఆశ."

"గట్లయితే ఎంత కావాలంటే గంత తీస్కో" అని పెద్దమ్మ రవిక చెయ్యి పైకి మడిచింది. "నాకు గాకున్నా, ఎన్కచ్చే ఆడోళ్లకన్న గీ సిగ్గు తప్పుతది."

ఆ దవాఖానలో ఆమె సంతోషంగా చేసిన పని అదొక్కటే. రక్తం తీసుకున్నాక డాక్టరమ్మ కొన్ని ప్రశ్నలు అడిగింది. ఏం పని చేస్తారు, ఏ నీళ్లు తాగుతారు, బీడీ, చుట్ట, పొగాకు ఏమైనా అలవాటుందా.

"లేదమ్మా. మా ఇంట్ల ఆడోళ్లకు గసొంటి అలవాటు లేదు" అంది పెద్దమ్మ. అన్న కూడా "లేదు మేడం" అన్నాడు. నేనూ అదే అన్నాను. ముగ్గురం ఒట్టేసి చెప్పే మాటలానే చెప్పాం.

తర్వాత దసరా సెలవులకు బాన్సువాడ వెళ్లాను. చెప్పకుండా వెళ్లాను, మాపటీలి వేళకు, పొద్దు గూకుతుండగా. వాకిట్లో ఎవరూ లేరు. వంటింట్లోంచి వెనక అరుగు మీదికి వెళ్తే పెద్దమ్మ అటు తిరిగి కూర్చుని ఉంది. ఆమె పక్కన పెద్దబాపు కూర్చునే చోటు ఖాళీగా ఉంది. ఆ చోట ఆయన తువ్వాల మడత పెట్టి ఉంది. గాల్లో బీడీ వాసన. ఒక్క క్షణం నాకు పెద్దబాపు ఉన్నాడనే అనిపించింది.

బీడీ పెద్దమ్మ వేళ్ల మధ్య ఉంది. ఒక దమ్ము లాగి, పొగ ఆ ఖాళీ చోటు వైపు వదిలి, బీడీని అరుగు అంచున పెట్టింది. కొస నల్లబడుతుంటే తీసి మళ్లీ లాగింది.

"పెద్దమ్మా, ఏం చేస్తున్నవ్?"

ఆమె ఉలిక్కిపడలేదు. "అచ్చినవా బిడ్డ? కూసో. ఏం లేదు. మాపటీలి ఒక్కటి ముట్టిస్త. ఇంట్ల ఆయన వాసనుంటది గంతే."

"ఎప్పటి నుంచి?"

"ఆయన పోయిన కాన్నుంచి."

"తాగుతున్నవా?"

"ఏందే గట్లంటవ్?" అని నిజంగానే కోపం వచ్చిందామెకు. "నేను తాగుతనా? ఇది ఆరిపోతది. ఆరకుంట సూస్తున్న."

ఆమె పక్కన కూర్చుండిపోయాను. పొయ్యి దగ్గర ఒక కన్ను మూసిన ముఖం, కిటికీ, రోజుకెన్నిసార్లో వినబడిన "ఓ యే" అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. పెళ్లినాటి నుంచి పెద్దబాపు పోయేదాకా ముట్టించింది. ఆయన పోయాక, ఆ వాసన పోకుండా ఒక్కతే ముట్టించుకుంటూ కూర్చుంది. అంతా కలిపితే అది తాగుడు కాక మరేమిటి?

మెల్లగా చెప్పాను. కోపం లేకుండా చెప్పాను, అది నాకు అరుదు. ముందు, ఆ పొగే ఆమెకు జబ్బు తెచ్చి ఉండొచ్చని చెప్పాను. దానికి ఆమె తల ఊపి ఊరుకుంది. తర్వాత రక్తం సంగతి చెప్పాను. పొగ తాగేవాళ్ల రక్తం ఒక వైపు, తాగని వాళ్ల రక్తం ఒక వైపు పెట్టి గుర్తులు పోల్చి చూస్తారు. నీది తాగని వాళ్ల వైపు పెట్టారు. నీ రక్తంలో పొగ గుర్తులుంటే, తాగకున్నా అవి వస్తాయని వాళ్లు అనుకుంటారు. లెక్క తప్పుతుంది.

బీడీ అరుగు అంచున ఆరిపోయింది. ఈసారి పెద్దమ్మ దాన్ని తీయలేదు.

"అంటే నా నెత్తురు ఆడ అబద్ధం చెప్తున్నదా?"

"నెత్తురు కాదు పెద్దమ్మా. మనం చెప్పినం."

"అదే" అంది. "పోదాం పా. సక్కగ చెప్పొద్దాం."

అన్న ఒప్పుకోలేదు. ఇంట్లో పెద్ద గొడవే అయింది. "ఇప్పుడు గది చెప్తే జబ్బు తగ్గుతదా అమ్మా? నలుగుట్ల నా తల్లి బీడీ తాగిందని చెప్పాల్నా నేను? ఇజ్జత్ ఏం గావాలె?" అని వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు. అన్న చెడ్డవాడు కాదు. ఊళ్లో నలుగురు గౌరవంగా చూసే ఇల్లు, తల్లి అంటే ప్రాణం. తల్లి గురించి ఎవరైనా చెవులు కొరుక్కుంటారేమోనని అతని బాధ. పైగా అప్పటికే పెద్దమ్మ చిక్కిపోయింది, బస్సులో అంత దూరం కుదుపు ఆమెకు మంచిది కాదు. రాబోయే తేదీ దాకా ఆగి అప్పుడు చెప్పొచ్చు కదా అని వదిన అంది. ఆ తేదీ దాకా ఉంటానో లేనో అని పెద్దమ్మ అనలేదు గాని, మా అందరికీ వినబడింది.

"నువ్వు రాకు బిడ్డ" అంది అన్నతో. "నేను, చెల్లె పోతం. నీ ఇజ్జత్ బాన్సువాడల్నే ఉంటది."

మర్నాడు పొద్దున్నే బస్టాండుకు వెళ్తే అన్న మా కంటే ముందే వచ్చి సీటు మీద తువ్వాల వేసి కూర్చున్నాడు. కుదుపు వచ్చినప్పుడల్లా పెద్దమ్మ నడుము వెనక చెయ్యి అడ్డం పెట్టాడు.

డాక్టరమ్మ మమ్మల్ని అదే బెంచీ దగ్గర కలిసింది. పైపు పరీక్షకు వచ్చిన ఆడవాళ్లు బెంచీ నిండా ఉన్నారు. లోపలికి రండి అంటే పెద్దమ్మ వినలేదు.

"నీకు తప్పు చెప్పిన బిడ్డ. బీడీ అలవాటుందా అంటే లేదన్న. ఉన్నది. పెండ్లైన కాన్నుంచి ఆయనకు ముట్టిచ్చి ఇచ్చిన. ఆయన పోయినంక మాపటీలి ముట్టిస్తున్న. నేను తాగుడనుకోలే. ముట్టిచ్చుడే అనుకున్న."

"ముట్టించి ఇవ్వడమంటే?" అంది డాక్టరమ్మ. ఆమెది ఈ ప్రాంతం కాదు.

పెద్దమ్మ చూపుడు వేలు పెదవుల మధ్య పెట్టి, ఒక కన్ను మూసి, దమ్ము లాగి చూపించింది. కొంగుతో వేలు కొస తుడిచి, లేని కిటికీలోంచి లేని మనిషికి అందించింది. నేను నవ్వుదామనుకుని ఏడ్చాను. అన్న నేల చూస్తున్నాడు.

బెంచీ కొసన మద్నూర్ వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ అంతసేపూ కళ్లు మూసుకుని ఉంది. కళ్లు తెరిచి, "ఓ డాక్టరమ్మా" అంది. "గది గూడ తాగుడేనా? గట్లయితే నాది గూడ మార్చుకో. మా మామకు, మా ఇంటాయనకు నేనే ముట్టిస్తుంటి. నేను గూడ లేదనే చెప్పిన." ఆమె పక్కనావిడ ఏదో అనబోయి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, మెల్లగా తనూ తలూపింది.

డాక్టరమ్మ చేతిలో కాగితాలు ఒళ్లో పెట్టుకుని ఆ బెంచీ మీదే కూర్చుండిపోయింది. ఇక నుంచి ప్రతి ఆడమనిషినీ తాగుతారా అని మాత్రమే కాక, ఇంట్లో ఎవరికైనా ముట్టించి ఇస్తారా అని కూడా అడుగుతానని చెప్పింది. ఇంతకు ముందు లేదన్న వాళ్లను మళ్లీ అడుగుతానంది. పెద్దమ్మ చేతులు పట్టుకుని "మీరు ఇంత దూరం రాకపోతే నాకీ సంగతి తెలిసేదే కాదమ్మా" అంది.

"ఒక్క మాట చెప్పు బిడ్డ" అంది పెద్దమ్మ. "ఇగ ముట్టియ్యను. ముట్టియ్యకుంటె గా గుర్తులు పోతయా? సున్నం ఏస్తె మసి పోయినట్టు?"

"కొన్ని మెల్లమెల్లగా తగ్గుతాయేమో అమ్మా. కొన్ని ఉండిపోతాయేమో. ఇంకా సరిగ్గా తెలియదు."

పెద్దమ్మ ఆ మాటకు దిగులు పడుతుందనుకున్నాను. పడలేదు. చాలాసేపు తన మోచేతి దగ్గర, రక్తం తీసిన చోటు నిమురుకుంటూ కూర్చుంది.

"కొన్ని ఉంటె ఉండనీ" అంది చివరికి. "ఆయనయే గదా."

ఆ రోజు నుంచి పెద్దమ్మ బీడీ ముట్టించలేదు. మాపటీలి కాగానే వెనక అరుగు మీద కూర్చునేది, తువ్వాల మడత పక్కనే. గూట్లోంచి ఒక బీడీ తెచ్చుకుని, ముట్టించకుండా వేళ్ల మధ్య తిప్పుతూ ఉండేది. ఇంట్లో పెద్దబాపు వాసన మెల్లగా పోయింది. అది పోతుంటే ఆమెకు ఎట్లా ఉండేదో నేను అడగలేదు. ఒకసారి నేను పక్కన ఉండగా, "నువ్వు గూడ ఎవ్వలకు ముట్టియ్యకు బిడ్డ. ఎంత ఇష్టమున్నా ముట్టియ్యకు" అంది. నా ఇంట్లో బీడీ తాగేవాళ్లెవరూ లేరన్నాను. "ఎన్నడన్న" అంది.

జబ్బు మళ్లీ వచ్చింది, ఈసారి పైపుతో తీసే చోట ఆగలేదు. నేను ఆ నెలల గురించి రాయను. ఆమెకు ఇష్టం ఉండదు. మా అందరి ఆశ ఒక్కటే, ఆమె ఇంకొన్నాళ్లు ఉండాలని. ఆమెకు ఆ ఆశ తక్కువ. తన రక్తం నిజం చెప్పే చోటికి మారిందా లేదా అని మాత్రం నాతో అడిగించింది. మారింది అని డాక్టరమ్మ ఫోనులో చెబితే, ఆ పూట కొంచెం అన్నం తింది.

పోయిందని డాక్టరమ్మకు కొన్నాళ్లకు నేనే ఫోను చేసి చెప్పాను. ఆమె, పెద్దమ్మ ఇచ్చిన రక్తం మైనస్ డిగ్రీల చలిలో భద్రంగా ఉందని, ఆ పని ఇంకా ఏళ్ల పాటు సాగుతుందని చెప్పింది. జవాబు వచ్చినా అది పెద్దమ్మ ఒక్కరిది కాదని, అందరిదీ కలిపి వస్తుందని చెప్పింది. ఫోను పెట్టాక నాకు ఒకటే తోచింది. మనిషిని పొలంలో కాల్చాం, బూడిద మంజీర నదిలో కలిపాం. అయినా ఆమె రక్తం హైదరాబాద్‌లో ఎక్కడో ఒక చల్లటి పెట్టెలో ఉంది. పెద్దబాపు పొగ గుర్తులు, ఉంటే, అందులోనే ఉన్నాయి. ఇద్దరూ ఇంకా ఒక చోట ఉన్నట్టే కదా. సైన్సు టీచరు ఇట్లా రాయకూడదు. రాస్తున్నాను.

ఆ ఫోనుకు ముందే, పెద్దమ్మ పోయిన మూడో రోజు పిట్టకు పెట్టాం. పొలం గట్టున, పెద్దబాపును కాల్చిన చోటికి పక్కనే. వదిన చిక్కుడుకాయ కూర, జొన్నరొట్టె, గ్లాసులో చాయ పెట్టింది. రొట్టె మీద గుంట చేసి నెయ్యి పోసింది. అందరం దూరంగా జరిగి నిలబడ్డాం. కాకులు చెరుకు మీద వాలి చూస్తున్నాయి, దిగటం లేదు. ఎండ ఎక్కుతోంది.

"ఏమన్న మర్చిన్రా?" అంది మా అమ్మ. "మా అక్కకు ఇష్టమైంది ఇంకేమన్న ఉన్నదా?"

నేను అన్న వైపు చూడలేదు, చూస్తే ఏమనుకుంటాడోనని. అన్న తనే చొక్కా జేబులోంచి బీడీ కట్ట తీశాడు. కొత్తది. బాన్సువాడలో అందరికీ తెలిసిన దుకాణంలో, నలుగురూ చూస్తుండగానే కొని ఉంటాడు. దారం తెంపి ఒక బీడీ తీసి నా వైపు చూశాడు.

"ముట్టియ్యాల్నా చెల్లె?"

"వద్దన్నది కదా అన్నా."

తల ఊపి విస్తరి దగ్గరకు నడిచాడు. వంగి పెట్టబోతూ, ఎందుకో తనకే తెలియకుండా, భుజం మీది తువ్వాల కొసతో బీడీ మూతి తుడిచాడు. తుడువకు అని నా నోటిదాకా వచ్చింది. ముట్టించని ఆ బీడీని అన్న రొట్టె పక్కన పెట్టి, వెనక్కి రాకుండా, కిటికీలోంచి ఎవరో అందుకునేదాకా ఆగినట్టు, అక్కడే చెయ్యి చాపి కూర్చున్నాడు.